ఒకే కారు కిట్‌ను మళ్ళీ మళ్ళీ కట్టాలి

సంపాదకులకు నమస్కారం.

మీ వారాంతపు అనుబంధంలో ప్లాస్టిక్ మోడల్ కార్ల మీద వచ్చిన వ్యాసం చదివాం. ఈ పనికి ఒక పేజీ కేటాయించినందుకు నిజంగా సంతోషం. అయితే కట్టిన కిట్‌నే (అతికించి కారుగా చేసే విడిభాగాల పెట్టెనే) ఇంకోసారి కొనడం దండగని, ప్రతిసారీ కొత్త కారే ప్రయత్నించాలని అందులో కొత్తవారికి చెప్పిన సలహాతో మేం ఏకీభవించలేం. చేయి తిరగాలంటే నచ్చిన కిట్ ఒకటి ఎంచుకుని, కనీసం నాలుగైదుసార్లు దాన్నే కట్టాలన్నది మా గట్టి అభిప్రాయం. ఎందుకో, ఎలాగో కాస్త వివరంగా రాస్తున్నాం.

మొదటి కారు పూర్తయ్యాక ఎవరికైనా కొన్ని లోపాలు కనిపిస్తాయి. తలుపు చుట్టూ ఉండాల్సిన గీత రంగుతో పూడిపోతుంది. వెనక చక్రం ఒకటి నేలకు ఆనదు. ముందు అద్దం మీద తెల్లటి పొర తేలుతుంది. తర్వాత కట్టేది వేరే కిట్ అయితే ఆ లోపాలు మన చేతివా, అచ్చువా అన్నది ఎప్పటికీ తేలదు. రెండోసారి అదే కిట్ చేపడితే అచ్చు అదే, భాగాలు అవే, మారింది మన పని ఒక్కటే. ఏ లోపం పోయిందో, ఏది మిగిలిందో చూస్తే కారణం దానంతటదే బయటపడుతుంది. కొత్త కిట్ కట్టిన ప్రతిసారీ సగం సమయం సూచనల కాగితం అర్థం చేసుకోవడానికే పోతుంది. తెలిసిన కిట్‌లో ఆ సమయమంతా పనితనానికి దక్కుతుంది.

ఏ కిట్ ఎంచుకోవాలన్నది అసలు ప్రశ్న. ఎంతో ఇష్టమైన కారుతోనే మొదలుపెట్టమని చాలామంది అంటారు. ఇష్టం ఉండాలి, లేకపోతే మూడోసారి పెట్టె తెరవబుద్ధి కాదు. అయినా ఇష్టం ఒక్కటే సరిపోదు. ఆ కిట్ ఇవాళ దొరికి రేపు మాయమయ్యేది కాకూడదు. ఉక్కు అచ్చు చేయించడం చాలా ఖర్చుతో కూడిన పని కాబట్టి, కంపెనీలు మంచి అచ్చును దశాబ్దాల తరబడి వాడుకుంటూ, పెట్టె మీద బొమ్మా లోపలి డీకాల్సూ (నీళ్ళలో తడిపి అంటించే బొమ్మలు, అక్షరాలు) మార్చి మళ్ళీ మళ్ళీ విడుదల చేస్తుంటాయి. ఏఎంటీ కంపెనీ వారి 1/25 స్కేలు (అసలు కారులో ఇరవై అయిదో వంతు కొలత) 1957 షెవర్లే బెల్ ఎయిర్, టామియా వారి 1/24 స్కేలు 1966 ఫోక్స్‌వ్యాగన్ 1300 బీటిల్, అదే కంపెనీ మినీ కూపర్ ఇలా ఏళ్ళ తరబడి జనం చేతుల్లో నలుగుతున్న కిట్లే. పాత అచ్చుల్లో మాత్రం ఒక చిక్కుంది. అచ్చు అరిగేకొద్దీ రెండు సగాల మధ్య సందు పెరిగి, భాగాల అంచుల వెంట పల్చని ప్లాస్టిక్ పొరలా పొడుచుకొస్తుంది. దాన్ని గీకడం కష్టమేమీ కాదు గానీ, మొదటి కిట్‌కే అంత పని పెట్టుకోవద్దు.

భాగాల సంఖ్య 60 నుంచి 120 మధ్య ఉంటే సరిపోతుంది. అంతకన్నా తక్కువైతే నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. 1/12 స్కేలు ఫార్ములా వన్ కార్ల లాంటి పెద్ద కిట్లైతే రెండోసారి కట్టే ఓపిక ఉండదు. బాడీ ఒకే ముక్కగా, తలుపులు మూసి ఉన్నట్టుగా అచ్చయి ఉండాలి. తలుపులు తెరుచుకునేలా బాడీని అయిదారు ముక్కలుగా ఇచ్చే పాత కిట్లు చూడటానికి ముచ్చటగా ఉంటాయి. ఆ ముక్కల మధ్య సందులు సమానంగా కుదర్చడం మాత్రం అనుభవజ్ఞులకే పరీక్ష. ఇంకో ముఖ్యమైన సంగతి, ఛాసిస్ (కారు అడుగు చట్రం) బాడీలోకి జిగురు లేకుండా చివర్లో బిగుసుకునేలా ఉండాలి. అలా ఉంటే రంగు పని, అడుగు పని వేర్వేరుగా సాగుతాయి. ఎక్కడ తప్పు జరిగినా విడదీసి సరిచేసుకోవచ్చు.

అసలు కారు కూడా ఎక్కువ కాలం, ఎక్కువ రంగుల్లో తయారైనదైతే మేలు. బీటిల్‌ను మేం పదే పదే సిఫారసు చేయడానికి కారణం ఇదే. 2003లో ఆగిపోయేవరకు 2 కోట్ల 15 లక్షలకు పైగా తయారయ్యాయి. ఫొటోలకు, కొలతలకు, రంగుల పట్టికలకు కొదవ లేదు. ఆ కారు ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2400 మిల్లీమీటర్లు, అంటే 1/24 స్కేలులో సరిగ్గా 100 మిల్లీమీటర్లు. రూళ్ళకర్రతో కొలిస్తే ఇరుసులు సరైన చోట కూర్చున్నాయో లేదో లెక్కలు వేయకుండానే తెలిసిపోతుంది. 15 అంగుళాల రిమ్ము దాదాపు 16 మిల్లీమీటర్లు రావాలి. 1/25 అయితే చక్రాల మధ్య దూరం 96 మిల్లీమీటర్లే. అమెరికా కంపెనీలకు 1/25, జపాన్ కంపెనీలకు 1/24 అలవాటు కాబట్టి రెంటి విడిభాగాలూ కలిపి వాడాలనుకునేవారు ఈ తేడా గుర్తుంచుకోవాలి. నాలుగు శాతమే కదా అనిపిస్తుంది, ఒక కారు టైర్లు ఇంకో కారుకు తగిలిస్తే వెంటనే కంట్లో పడుతుంది.

కిట్ తేల్చుకున్నాక ఒకేసారి రెండు మూడు పెట్టెలు తీసుకోవడం మంచిది. తీసుకున్న రోజే చేయాల్సిన పని ఒకటుంది. పెట్టె తెరిచి టైర్లను విడిగా చిన్న సంచిలో వేసి పెట్టాలి. మెత్తటి వినైల్ టైర్లలో కలిపే నూనెలాంటి పదార్థం మెల్లగా బయటికి ఊరి, ఆనుకుని ఉన్న ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. ఏళ్ళ తరబడి మూతపెట్టి ఉంచిన పెట్టెల్లో అద్దాల మీద టైరు ముద్ర పడి పాడవడం ఇందువల్లే. కట్టిన కార్లలోనూ ఇదే జరిగి రిమ్ములు కరుగుతాయి. రిమ్ము అంచుకు టైరు ఎక్కించే ముందు రంగో, వార్నిషో పూస్తే కొంత అడ్డుకట్ట పడుతుంది. డీకాల్ కాగితాన్ని కూడా ఎండ తగలకుండా, చదునుగా, సంచిలో దాచాలి.

మొదటిసారి కిట్‌ను పెట్టెలో ఉన్నది ఉన్నట్టుగా కట్టాలి. అదనపు భాగాలు, ఇంజిన్ వైర్లు, బయటి డీకాల్స్ ఏవీ వద్దు. ఈ మొదటి కారు అందంగా రాకపోయినా ఫరవాలేదు, అది తర్వాతి వాటికి కొలబద్ద. సూచనల కాగితం మీదే పెన్సిల్‌తో రాసుకుంటూ పోవాలి: ఏ భాగం బిగుతుగా ఉంది, ఎక్కడ వదులుంది, ఏ మెట్టులో చేయి పట్టలేదు, ఏ భాగాన్ని రంగు వేశాక అతికించి ఉంటే బాగుండేది. ఆ గీతలు పడ్డ కాగితమే రెండో కారుకు అసలైన సూచనల పుస్తకం.

రెండో కారుకు మొదట మార్చాల్సింది పని వరస. సూచనలు దాదాపు ఎప్పుడూ ఇంజిన్‌తో మొదలై బాడీతో ముగుస్తాయి. కానీ అన్నిటికన్నా ఎక్కువ కాలం ఆరాల్సింది బాడీ రంగే. అందుకే బాడీ పని ముందు మొదలుపెట్టి, అది ఆరే వారం పది రోజుల్లో ఛాసిస్, ఇంజిన్, సీట్లు చూసుకోవాలి. ఇంకో మార్పు, మెట్ల వారీగా కాకుండా రంగుల వారీగా పని చేయడం. మొదటి కారు కట్టాం కాబట్టి ఏయే భాగాలు సగం మెరుపు నలుపో, ఏవి వెండి రంగో, ఏవి సీటు రంగో ముందే తెలుసు. ఒకే రంగువన్నీ ఒక గుంపుగా అట్టకు గుచ్చి ఒకే విడతలో కొడితే ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగు చిమ్మే పనిముట్టు) కడిగే పని చాలావరకు తగ్గుతుంది, ఛాయల్లో తేడా కూడా రాదు.

ఇప్పుడు బాడీ గురించి. కారు మోడల్ చూసేవాళ్ళ కళ్ళు ముందు వాలేది దీని మీదే, ఎక్కువమంది దెబ్బతినేదీ ఇక్కడే. బాడీకి అన్ని వైపులా ఆకారం ఉంటుంది కాబట్టి అచ్చు నాలుగైదు ముక్కలుగా విడిపోతుంది. ఆ ముక్కలు కలిసే చోట సన్నటి అచ్చు గీత పడుతుంది. ముందు ఫెండర్ల పైభాగంలో, పైకప్పును మోసే వెనక స్తంభాల మీదుగా బంపరు మూలల దాకా తరచుగా ఇది పరుగెడుతుంటుంది. కొత్తవారు దాన్ని కారు డిజైన్‌లో భాగమనుకుని వదిలేస్తారు. టార్చిని పక్కనుంచి ఏటవాలుగా పట్టి చూస్తూ, అసలు కారు ఫొటోతో పోల్చుకుంటే ఏది గీతో ఏది మడతో తెలుస్తుంది. 600 నంబర్ వాటర్ పేపర్‌తో తడిగా రుద్ది, 1000తో ముగించాలి. తర్వాత గోరువెచ్చటి సబ్బు నీళ్ళలో మెత్తటి బ్రష్షుతో కడగాలి. అచ్చు నుంచి ఊడిరావడానికి వాడే నూనె, చేతి జిడ్డు పోకపోతే రంగు అక్కడక్కడా పట్టకుండా గుంటలు పడుతుంది.

తలుపు గీతలు పూడిపోవడం వెనక చిన్న లెక్కుంది. అసలు కారులో తలుపు చుట్టూ సందు సుమారు నాలుగైదు మిల్లీమీటర్లు. 24తో భాగిస్తే అది 0.2 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వస్తుంది. ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత), రంగు, క్లియర్ (రంగు మీద వేసే పారదర్శక పూత) అన్నీ కలిసి గీత రెండు అంచుల మీదా 0.1 మిల్లీమీటరు చొప్పున పేరుకున్నాయనుకోండి, ఆ సందు పూర్తిగా మాయం. అందుకే ప్రైమర్ కన్నా ముందే గీతలను లోతు చేయాలి. కొత్త బ్లేడు వెనక అంచుతోగానీ, 0.15 మిల్లీమీటర్ల స్క్రైబర్ (గీతలు చెక్కే పనిముట్టు) తోగానీ, ఉన్న గీత వెంటే అయిదారుసార్లు తేలిగ్గా లాగాలి. ఒక్క ఊపులో లోతు చేయాలని ఒత్తితే పనిముట్టు జారి తలుపు మధ్యలోకి గీత పడుతుంది. వెడల్పు పెంచకూడదు, లోతు మాత్రమే పెంచాలి. అయిపోయాక పల్చని సిమెంట్‌ను (ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే జిగురును) సన్నటి కుంచెతో గీత వెంట ఒక్కసారి నడిపిస్తే అంచుల నూగు కరిగి నున్నబడుతుంది. ఏ గీత ఎంత లోతు చేస్తే సరిపోయిందన్నది ఒకసారి రంగు వేసి చూస్తే తప్ప తెలియదు. ఒకే కిట్‌ను మళ్ళీ కట్టేవారికి కలిగే పెద్ద లాభం ఇక్కడే. మొదటి కారులో బానెట్ గీత నిలిచి, డిక్కీ గీత పూడిందంటే రెండో కారులో ఎక్కడ చేయి పెట్టాలో ముందే తెలుసు.

ఎర్ర ప్లాస్టిక్‌తో వచ్చే కిట్లకు ఒక హెచ్చరిక. ఆ ప్లాస్టిక్‌లోని రంగు లాకర్ (ఘాటైన ద్రావకంతో, త్వరగా ఆరే రంగు) ద్రావకంలో కరిగి పైకి ఊరి, తెల్ల రంగును గులాబీ చేస్తుంది. ప్రైమర్ ఒక్కటే దీన్ని ఆపలేకపోవచ్చు. ప్రైమర్ మీద వెండి రంగు పల్చగా ఒక పూత వేసి, దాని మీద తెలుపు వేస్తే చాలావరకు ఆగుతుంది. ముందు పైకప్పు లోపలివైపు కొట్టి చూసుకోవడం క్షేమం. ఒకే కిట్‌లో కొత్త విడుదల వేరే రంగు ప్లాస్టిక్‌తో రావచ్చు కాబట్టి, మొదటి కారుకు పనికొచ్చిన పద్ధతి మూడో కారుకు అలాగే పనిచేస్తుందని అనుకోకూడదు.

స్ప్రే డబ్బాతో కొట్టేవారు డబ్బాను 40 డిగ్రీలు మించని గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు ఉంచితే లోపలి ఒత్తిడి పెరిగి తుంపర సన్నబడుతుంది. ఎక్కువ వేడి నీళ్ళలో పెడితే డబ్బా పేలుతుంది, స్టవ్ దగ్గరికి అసలు తీసుకుపోకూడదు. బాడీకి 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరం ఉంచి, తుంపరను బాడీ బయటే మొదలుపెట్టి, దాటించి బయటే ఆపాలి. మొదటి రెండు పూతలు మంచు పట్టినట్టు పల్చగా, ఒక్కోదానికి పది పదిహేను నిమిషాల ఎడంతో వేయాలి. మూడోది తడిగా, మెరుస్తూ పరుచుకోవాలి. మరీ దూరం నుంచి కొడితే చుక్కలు గాల్లోనే ఆరి గరుకుగా వాలతాయి. మరీ దగ్గరైతే రంగు కారుతుంది. నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా వచ్చిందంటే చుక్కలు పరుచుకునే లోపే ఆరిపోతున్నాయని అర్థం. ఎయిర్‌బ్రష్ అయితే లాకర్ ఒక పాలుకు థిన్నర్ ఒకటిన్నర నుంచి రెండు పాళ్ళు, 0.3 మిల్లీమీటర్ల నాజిల్, 15 నుంచి 20 పీఎస్ఐ గాలి ఒత్తిడి దగ్గర మొదలుపెట్టి సర్దుకోవచ్చు.

గాలిలో తేమ ఎక్కువున్న రోజు లాకర్ కొట్టకండి. థిన్నర్ వేగంగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి తేమ పేరుకుని రంగు పాలిపోయినట్టు తెల్లబడుతుంది. అలా జరిగితే కంగారుపడి గీకేయనక్కర్లేదు, పొడిగా ఉన్న రోజు అదే రంగు పల్చగా మళ్ళీ కొడితే చాలాసార్లు సర్దుకుంటుంది.

క్లియర్ వేసి కనీసం వారం ఆరనిచ్చాక 2000, 3000 నంబర్ వాటర్ పేపర్లతో తడిగా రుద్ది, పాలిష్ పేస్టులు ముతక నుంచి సన్నం దాకా వరసగా వాడాలి. పదునైన అంచుల దగ్గర రంగు త్వరగా అరిగి ప్రైమర్ బయటపడుతుంది, ఎందుకంటే తడి రంగు అంచుల నుంచి వెనక్కి జరిగి అక్కడ పల్చగా ఆరుతుంది. ఫెండర్ కొసలు, పైకప్పు పక్కన నీరు జారే గీత, బానెట్ మధ్య మడత లాంటి చోట్ల సన్నటి మాస్కింగ్ టేపు అంటించి, మిగతాదంతా రుద్దాక చివర్లో టేపు తీసి పేస్టుతో మాత్రమే మెరుగుపెట్టాలి. ఎక్కడెక్కడ అంచు బయటపడిందో మొదటి బాడీ మీద గుర్తులుంటాయి. రెండో బాడీకి అవే చోట్ల ముందే టేపు వేసుకోవచ్చు.

రంగు చెడితే బాడీ పోయినట్టు కాదు. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొన్ని గంటలు నానబెట్టి పాత టూత్ బ్రష్షుతో రుద్దితే చాలా యాక్రిలిక్ రంగులు, కొన్ని లాకర్లు లేచిపోతాయి. అసిటోన్, లాకర్ థిన్నర్ మాత్రం ముట్టించకూడదు, పాలిస్టైరీన్ బాడీనే కరిగిపోతుంది. ఒకే కిట్ కట్టేవారు ఒక బాడీని కేవలం రంగు ప్రయోగాలకే కేటాయించుకోవాలని మా సలహా. ప్లాస్టిక్ చెంచాల మీద రంగు కొట్టి చూడటం ఛాయ తెలుసుకోవడానికి పనికొస్తుంది. ఫెండర్ ఒంపులో, అద్దం చుట్టూ రంగు ఎలా పారుతుందన్నది ఆ బాడీ మీద తప్ప తెలియదు.

మెటాలిక్ రంగుల్లో ఒక ఇబ్బందుంది. అసలు కార్లకు వాడే రంగును తెచ్చి కొడితే అందులోని లోహపు రేణువులు ఈ స్కేలుకు మరీ పెద్దవిగా మెరుస్తాయి. మోడళ్ళ కోసం చేసినవే వాడాలి. బీటిల్ లాంటి 1960ల కార్లకు సాదా రంగులే ఎక్కువ కాబట్టి ఈ బాధ తక్కువ. 1966 నాటి ఫోక్స్‌వ్యాగన్ రంగుల పట్టికలో ఎల్360 సీ బ్లూ, ఎల్518 జావా గ్రీన్, ఎల్456 రూబీ రెడ్ ఉన్నాయి. ఎల్87 పర్ల్ వైట్ పేరు చూసి ముత్యపు మెరుపున్న రంగు కొట్టేవాళ్ళున్నారు. అది మెరుపేమీ లేని, కాస్త మీగడ ఛాయ ఉన్న తెలుపు మాత్రమే. ఆ నాలుగు రంగుల్లో నాలుగు కార్లు పక్కపక్కన పెడితే ఒకే ఆకారం ఎంత వేరుగా కనిపిస్తుందో చూడాల్సిందే. లేత రంగు బాడీలో గీతల్లోకి నల్లటి వాష్ (గీతల్లో పారేలా బాగా పల్చబరచిన రంగు) పోస్తే బొమ్మకారులా అవుతుంది, ముదురు బూడిద రంగు వాడాలి. ఎనామెల్ (నెమ్మదిగా ఆరే నూనె రంగు) వాష్‌ను రంగు వేయని ప్లాస్టిక్ మీద నిలవనివ్వకండి, ఒత్తిడిలో ఉన్న అతుకులు పటుక్కున విరుగుతాయి.

లాకర్ మీద ఎనామెల్ వేయొచ్చు, ఎనామెల్ మీద లాకర్ వేస్తే ముడతలు పడుతుంది. డీకాల్స్ మీద క్లియర్ లాకర్ మొదటే తడిగా వేస్తే అవి కరిగి ముడుచుకుంటాయి కాబట్టి రెండు మూడు పల్చటి పూతలతో కప్పి, ఆ తర్వాతే తడి పూత వేయాలి. పాత కిట్ డీకాల్స్ నీళ్ళలో ముక్కలయ్యే ప్రమాదం ఉంటే ముందే కాగితం మీద క్లియర్ కొట్టి ఆరబెట్టి, ఒక్కోటి అంచు వెంట కత్తిరించుకుని వాడాలి.

చక్రాలు నేలకు ఆనే సంగతి. ఛాసిస్‌ను చదునైన గాజు పలక మీద పెట్టి నాలుగు మూలలూ వేలితో తట్టి చూడాలి. ఊగితే ఛాసిస్ వంకర తిరిగిందన్నమాట. మరిగే నీళ్ళు కాకుండా, చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్ళలో కాసేపు ముంచి, పట్టకారుతో తీసి, పలక మీద బరువు పెట్టి చల్లారనిస్తే చదునవుతుంది. అది బాగానే ఉంటే లోపం ఇరుసుల దగ్గర. మోడల్‌లో ఒక మిల్లీమీటరు ఎత్తు తేడా అంటే అసలు కారులో 24 మిల్లీమీటర్లు, చూడగానే కారు కుంటుతున్నట్టుంటుంది. ఒక కారు కట్టాక నాలుగు చక్రాల మీదా ఫెండర్ అంచుకూ టైరుకూ మధ్య సందు కాలిపర్‌తో కొలిచి రాసుకుంటే, తర్వాతి కారుకు ఏ ఇరుసు కింద 0.5 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ రేకు పెట్టాలో లెక్క సిద్ధంగా ఉంటుంది. ఛాసిస్ బాడీలో పడుతుందో లేదో మూడుసార్లు చూడాలి. ఒట్టి ప్లాస్టిక్‌గా ఉన్నప్పుడు ఒకసారి, ప్రైమర్ తర్వాత ఒకసారి, రంగు తర్వాత ఇంకోసారి. రంగు మందం వల్ల బిగుసుకుని, బలవంతంగా నొక్కినప్పుడు బాడీ పక్కలు పగలడం మామూలుగా జరిగే ప్రమాదం. ఛాసిస్ తగిలే లోపలి అంచుల్లో రంగు గీకేస్తే చాలు.

అద్దాలకు సైనో జిగురు (క్షణాల్లో అంటుకునే సూపర్ గ్లూ) వాడొద్దు. దాని ఆవిరే అద్దం మీద తెల్లటి పొరగా వాలుతుంది. తెల్ల జిగురు గానీ, క్లియర్ భాగాల కోసమే అమ్మే జిగురు గానీ వాడాలి. మిగతా భాగాలకు పల్చని సిమెంట్ మేలు: రెండు ముక్కలూ కలిపి పట్టుకుని సందులో కుంచె తాకిస్తే అదే లోపలికి పాకుతుంది. అతికే చోట రంగుంటే గీకాలి, లేకపోతే రంగు రంగుకే అంటుకుని తర్వాత ఊడిపోతుంది.

క్రోమ్ భాగాల మీద అచ్చు గీతలు, నిప్పర్‌తో తెంపిన చోట తెల్లటి మచ్చలు మొదటి కారులో తప్పవు. రెండో మూడో కారులో ఆ పూతనే తీసేయొచ్చు. ఇంట్లో వాడే బ్లీచ్‌లో వేస్తే అల్యూమినియం పూత కరిగిపోతుంది (బ్లీచ్‌లో ఇంకే ద్రావకమూ, క్లీనరూ కలపకూడదు, విషవాయువు వస్తుంది). గీతలు రుద్ది, మెరిసే నలుపు కొట్టి, పూర్తిగా ఆరాక దాని మీద క్రోమ్ రంగు పల్చగా కొట్టాలి. నలుపు ఎంత నున్నగా ఉంటే క్రోమ్ అంత మెరుస్తుంది. కిటికీల చుట్టూ మెరుపు పట్టీకి పల్చటి అంటుడు రేకు బాగుంటుంది. బాడీ మీద ఉబ్బెత్తు అక్షరాలకు ఒక ఉపాయం: రంగు కన్నా ముందే వాటి మీద రేకు అంటించి, పైన రంగు కొట్టి, పూర్తిగా గట్టిపడకముందే థిన్నర్ తడిపిన పుల్లతో అక్షరాల తలలు మాత్రమే రుద్దితే కింద రేకు బయటపడుతుంది. మొదటి కారులో ఈ పని చేయమని ఎవరికీ చెప్పం, మూడోదానికి తప్పక చేయమంటాం.

ఇంజిన్ వైర్లు కావాలనుకునేవారికి: అసలు ప్లగ్ వైరు మందం సుమారు 7 మిల్లీమీటర్లు, 1/24లో 0.3. అంతకన్నా లావైన వైరు పెడితే ఇంజిన్ మొత్తం పాడవుతుంది. బీటిల్ ఫైరింగ్ వరస (సిలిండర్లలో నిప్పురవ్వ పడే వరస) 1-4-3-2.

రంగు పనిలో ప్రతి కారుకూ ఒక్క మార్పే చేయాలన్న నియమం పెట్టుకుంటే ఫలితం స్పష్టంగా ఉంటుంది. ప్రైమర్, రంగు కంపెనీ, దూరం మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తేలదు. రంగు పేరు, థిన్నర్ పాళ్ళు, పూతల మధ్య ఎడం, ఆ రోజు వేడి, తేమ నోటుబుక్కులో రాసి, అదే రంగు చెంచా మీద కొట్టి పేజీ నంబరుతో దాచుకోవాలి. మిగిలిపోయిన విడిభాగాలను పారేయొద్దు. ఒకే కిట్ కావడం వల్ల మూడో కారులో విరిగిన వైపర్‌కు మొదటి పెట్టెలో మిగిలింది సరిగ్గా సరిపోతుంది. వేర్వేరు కిట్లు కట్టేవారికి ఈ సౌకర్యం ఉండదు.

ఎప్పుడు ఆపాలన్నది కూడా చెప్పాలి. రెండు కార్లు వరసగా, నోటుబుక్కులో కొత్త లోపమేదీ రాయకుండా పూర్తయితే వేరే కిట్‌కు వెళ్ళొచ్చు. అలా వెళ్ళినవారు కొత్త కిట్ బాడీని చూడగానే ఏ గీత పూడుతుందో, ఏ అంచు అరుగుతుందో పట్టేస్తారు.

చివరిగా మీకో విన్నపం. వ్యాసంలో లాకర్ స్ప్రేకు "ముఖానికి మాస్కు" అని మాత్రమే రాశారు. దుమ్ముకు వాడే మాస్కు లాకర్ ఆవిరిని ఆపదు. సేంద్రియ ఆవిరులను పట్టే కార్ట్రిడ్జ్‌లున్న రెస్పిరేటరే వాడాలి, గాలి బయటికి లాగే ఫ్యాను ఉండాలి, దగ్గర్లో మంట ఉండకూడదు. రెండు పాళ్ళు కలిపి వాడే టూకే క్లియర్‌లో ఐసోసైనేట్లుంటాయి. అవి ఊపిరితిత్తులకు శాశ్వతంగా హాని చేయగలవు, తగిన రక్షణ లేకుండా ఇంట్లో కొట్టకూడదు. ఈ పని పిల్లలతో కలిసి చేసే పెద్దలు చాలామంది మీ పాఠకుల్లో ఉంటారు కాబట్టి, ఈ సవరణను వచ్చే సంచికలోనే వేయాలని కోరుతున్నాం.

ఇట్లు,
స్కేల్ మోడల్ కార్లు కట్టే కొందరు పాఠకులు